ఉపాసం ఉప్పు

నేను దొంగతనంగ ఉప్పు తినలే. ముందుగాల ఈ మాట రాసి పెడుతున్న. మిగిలిందంత దీని తర్వాత సంగతే.

మాది యాకుత్‌పురా. స్టేషన్ దాటినంక ఎడమ దిక్కు గల్లీల ఇల్లు. మా ఆయనకు అఫ్జల్‌గంజ్‌ల కిరాణ హోల్‌సేల్ దుకాణం ఉంది, వాళ్ళ తాత కాన్నుంచి నడుస్తున్నది. మాకు ఒక్కడే కొడుకు, శ్రీను. కోడలు సరోజ, వాళ్ళ చిన్న పిల్లలు. నేను ఏడో తరగతి దాక చదివిన, గందుకే ఈ రాత. రాయమని ఎవ్వరు అడగలే. రోగం తగ్గింది గాని మనసుల లొల్లి తగ్గలే. కాయితం మీద పెడితెనన్న ఊపిరాడుతదేమో అని కూసున్న. ఇంకో సంగతి గూడ ఉంది. బీపీ ఉన్నోళ్ళ ఇంట్ల ఎవరన్న ఇది చదివితె, మా ఇంట్ల అయింది వాళ్ళింట్ల కావొద్దు.

డెబ్బై మూడు వానకాలంల మొదలైంది. పొద్దుగాల లేస్తె మెడ ఎనక బరువు. కండ్ల ముందట మినుకు మినుకు. చాయ తాగితె పోతది, కొంచెం సేపు ఒరిగితె పోతది అని నాకు నేనే సర్ది చెప్పుకున్న. ఒకనాడు దేవుని కాడ దీపం ముట్టించి లేస్తుంటె గోడ గిర్రున తిరిగింది, ఆడనే కూలబడ్డ. మా ఆయన రిక్షల ఎక్కించుకోని నయాపూల్ కాడి డాక్టరు దగ్గెరికి తీస్కపోయిండు.

ఆ డాక్టరు కాడ ఎప్పుడు జూసినా జనమే. బల్లల మీద సందు దొరకదు. కోర్టు పని మీద వచ్చి, వచ్చినం గదా అని మందు గూడ తీస్కపోయేటోళ్ళు, బురఖాలల్ల ఆడోళ్ళు, పిల్లలను సంకలేసుకున్నోళ్ళు, అందరు గా చిన్న అర్రలనే. డాక్టరు ఒక గుడ్డ పర్ద ఎనక కూసుంటడు. లోపట మాట్లాడింది బయటున్న అందరికి ఇనబడుతది. నా చెయ్యికి పట్టి కట్టి గాలి కొట్టిండు. మళ్ళొకసారి కొట్టిండు.

"బీపీ మస్తు ఉంది. గోలీలు రాస్తున్న. ఉప్పు బంద్. పూర్తిగ బంద్," అన్నడు.

గంతే. నేను నోరు తెరిచే లోపట కంపౌండరు ఇంకో పేరు పిలిచిండు.

ఉప్పు బంద్ అంటె ఏందో వంట చేసుకునేటోళ్ళకు చెప్పనక్కర్లే. తొక్కు లేదు, అప్పడం లేదు, చారు తాగబుద్ధి కాదు. మొదటి నాడు చప్పటి పప్పుతోని రెండు ముద్దలు మింగిన. రెండో నాడు అది గూడ దిగలే. ఏడుపొచ్చింది, అన్నం కోసం ఏడుస్తున్ననని సిగ్గు గూడ అయింది. మర్నాడు మా ఆయన దుకాణంకెల్లి వస్తనే ఒక పొట్లం నా ముందట విప్పిండు. లోపట ఎరుపు తెలుపు కలిసిన రాళ్ళు. సైంధవ లవణం.

"ఇంక ఫికర్ చెయ్యకు," అన్నడు. "ఇది ఉప్పు కాదు. ఏకాశికి మనం ఏమేసుకోని తింటం? శివరాత్రికి ఏమేసుకుంటం? గిదే గదా."

ఈ సంగతి తెల్వనోళ్ళకు చెప్పాలె. మా ఇండ్లల్ల ఉపాసం నాడు ఉప్పు ముట్టరు. సైంధవం ముట్టొచ్చు. సాబుదానా ఖిచిడిల, ఆలుగడ్డ కూరల అదే ఏస్తరు. మా అమ్మ గట్లనే చేసింది, మా అత్త గట్లనే చేసింది. "ఇయ్యాల ఉప్పు లేదు" అనుకుంటనే సైంధవం ఏసిన కూర కడుపు నిండ తింటం, ఉపాసం ఉపాసం లెక్కనే ఉంటది. నాలుకకు ఉప్పగ తాకుతది గదా, గా మాత్రం ఎరికలేదా అని మీరు అడుగుతరు. తాకుతది. బెల్లం తియ్యగుంటది, చక్కెర తియ్యగుంటది, గని బెల్లాన్ని పట్టుకోని ఎవరన్న చక్కెర అంటరా? మేం గిట్లనే అనుకున్నం. దేవుడే ఒప్పుకున్నంక డాక్టరు ఎందుకు ఒప్పుకోడు అనుకున్నం.

గా రోజు కాన్నుంచి నాకు వేరె గిన్నెల వంట. ఇంట్ల అందరికి ఉప్పు, నాకు సైంధవం. దాని రుచి మెత్తగుంటది, గందుకని సరోజ చెయ్యి కొంచెం ఎక్కువనే పడుతుండె. "ఎయ్యి బిడ్డా, దాంతోని ఏం కాదు, అరుగుదలకు మంచిది," అని మా ఆయన పక్కన నిలబడి చెప్పేటోడు. నెలకొకసారి డాక్టరు కాడికి పోతుంటిమి. "ఉప్పు తింటున్నరా?" అని ఆయన అడుగుడు, "లేదు సార్" అని మేం చెప్పుడు. ఏం తింటున్నరు అని ఆయన ఎన్నడు అడగలే. గిది తింటున్నం అని మేం ఎన్నడు చెప్పలే. చెప్పేదేముంది, ఉప్పు కానిదాని గురించి.

మా ఆయన దుకాణంల గూడ గీ ముచ్చటే షురూ చేసిండు. గిరాకీలల్ల ఎవరన్న బీపీ అన్నరంటె చాలు, "మా ఇంట్ల గూడ ఉంది భాయ్, గిది తీస్కపో, ఉప్పు బదులు గిదే," అనుడు. కొన్నాళ్ళకు వాళ్ళే వచ్చి "సేట్, ఓ బీపీ వాలా నమక్ దేవ్," అని ఆ బీపీ ఉప్పు అడిగే దాక వచ్చింది. ఆయన మోసం చేసిండని నేను అనను. నమ్మే అమ్మిండు. మోసం చేసేటోడైతె నాకు గింత కోపం రాకపోతుండె.

నా కాళ్ళు నన్ను ఇడిసిపెట్టుడు డెబ్బై ఐదు చలికాలంల మొదలైంది. పీట మీద కూసుంటె లేవనీకి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత గోడతోని గూడ కాలే, సరోజ చెయ్యి ఇయ్యాలె. చీర పిండితె నీళ్ళు అట్లనే ఉంటుండె, చేతులల్ల బలం లేదు. నల్ల కాడ బిందె నడుముకెత్తుకునేదాన్ని, చెంబు మోసే కాడికి వచ్చిన. మిద్దె మీదికి మెట్లెక్కి ఒడియాలు పెట్టుడు బంద్ అయింది. పొద్దూకితె పాదాలు ఉబ్బుతుండె. అరవై నిండినయి, వయసు మీద పడ్డదని అందరు అనేటోళ్ళు. మా అత్త ఎనభై ఏండ్లకు గూడ నా కంటె ముందుగాల మిద్దెక్కేది. ఆమెకు రాని వయసు నాకు ఎక్కడికెల్లి వచ్చిందో నాకు అర్థం కాకపోతుండె.

ఒకనాడు మెట్టెలు ఏలికి దిగబడి నెత్తురొచ్చింది. సరోజ సబ్బు నురగ రాసి, బట్టతోని గుంజి గుంజి తీసింది. మొగుడుండంగ కాలి మెట్టెలు తీసుడంటె మా ఇండ్లల్ల ఎంత అశుభమో చెప్పొద్దు. నేను మొకం తిప్పుకున్న. మా ఆయన గుమ్మంల నిలబడి చూసి, బయటికి పోయిండు. ఆయనకు గూడ భయమైందని నాకు ఎరికైంది. ఆ రాళ్ళు తెచ్చింది గూడ నా మీద ప్రేమతోనే అని ఒప్పుకుంట. ఒప్పుకున్నా కడుపు మంట ఆగదు.

డాక్టరు నెత్తురు టెస్టుకు పంపిండు. టెస్టు చేసేది రెండంతస్తుల మీద. కాళ్ళ బలం పోయి వచ్చినోళ్ళను మెట్లెక్కమంటరు, గా తెలివి ఎవరిదో. శ్రీను ఒక రెక్క, మా ఆయన ఒక రెక్క పట్టి ఎక్కించిండ్రు. గప్పుడే యూరియా, క్రియాటినిన్ అనే మాటలు ఇన్న. నెత్తురు కడిగే పని గుర్దలది, అంటె కిడ్నీలది అంట, నా గుర్దలు అది సరిగ చేస్తలేవంట, నెత్తురుల మురికి పేరుకుంటుందంట. రిపోర్టు తీస్కోని నయాపూల్ పోయినం. డాక్టరు ఆ కాయితం చూసి, నా దిక్కు చూసి, గొంతు పెంచిండు.

"ఉప్పు తింటున్నవు నువ్వు."

"లేదు సార్," అన్న.

"అమ్మా, నోరు అబద్ధం చెప్తది. రక్తం చెప్పదు," అన్నడు.

పర్ద అవుతల మాటలు ఆగిపోయినయి. నేను బయటికి వచ్చేసరికి బల్లల మీదున్నోళ్ళంత నన్నే చూస్తుండ్రు. ఒక ముసలామె జరిగి నాకు జాగ ఇచ్చింది, కూసోమన్నది. గామెకు దండం. ఆమె తప్ప గా అర్రల ఇంకెవ్వరు నన్ను మనిషి లెక్క చూడలే.

రిక్షల ఇంటికి వస్తున్నం. ఇంటి గల్లీ మల్పు కాడ మా ఆయన అడిగిండు, మెల్లగ.

"ఎక్కడ తింటున్నవు?"

తింటున్నవా అని అడగలే. ఎక్కడ అని అడిగిండు. నలభై ఏండ్ల కాపురం తర్వాత.

గా సాయంత్రమే తొక్కు జాడీలు, ఉప్పు డబ్బ దేవుని అర్రల పెట్టి తాళం ఏసిండ్రు. తాళంచెవి సరోజ కొంగుకు. ఆ తొక్కు కలిపింది నేను, ఏటేటా కాయలు ఏరింది నేను, కారం కొట్టిచ్చింది నేను. ఇప్పుడు వంటింట్ల అడుగు పెడితె సరోజ చేస్తున్న పని ఆపి నన్ను చూస్తుండె. ఆమెది తప్పు అనను. మామ చెప్పిండు, మొగుడు చెప్పిండు, ఆమె చేసింది. గని ఒకనాడు నాకు నెత్తి దువ్వుకుంట మెత్తగ అడిగింది, "అత్తమ్మా, నాతోని చెప్పు. నేనెవ్వరికి చెప్ప." గది మాత్రం నా పానం తీసింది. అరిచినోళ్ళకు జవాబు చెప్పొచ్చు. గట్ల దువ్వుకుంట అడిగితె ఏం చెప్పాలె?

వాపు తగ్గాలని మా ఆయన కొత్త వైద్యం షురూ చేసిండు. పొద్దు మాపు మజ్జిగ, దాంట్ల వాము, దాంట్ల దండిగ సైంధవం. నేను తాగిన. నోరు మూసుకోని తాగిన, బాగైతె నా మీదున్న పేరు పోతదని. ఆరునెల్లకు మళ్ళ టెస్టు చేస్తె రిపోర్టు ఇంక పాడైంది. ప్రతిసారి ఒకటే కథ. కాయితం వచ్చుడు, ఇంట్ల లొల్లి అవుడు, "ఇంక గూడ తింటున్నవు" అనుడు. నా నెత్తురే నా మీద సాక్షం చెప్పుతుండె. దాంతోని ఎట్ల కొట్లాడాలె?

ఒక్కోసారి అనిపించేది, తిన్న అని ఒప్పుకుంటె పోతది, రోజు నసుగుడన్న బంద్ అయితది అని. ఇంకో రోజు నా మీద నాకే అనుమానం వస్తుండె. తెల్వకుంట తింటున్ననా? మతి పోయిందా? పొద్దుగాల లేసి, తొక్కు వాసన ఉందేమో అని చేతి ఏళ్ళు వాసన చూసుకునేదాన్ని. మంచిగున్న మనిషిని పిచ్చిదాన్ని చెయ్యాల్నంటె పెద్ద కష్టం లేదు, ఇంట్లోళ్ళంత కలిసి ఒక్క మాట మీద ఉంటె సాలు.

మా ఇంటికి మూడిండ్ల అవుతల మెహరున్నీసా ఆపా ఉంటది. మిషన్ మీద జాకిట్లు కుట్టేది. మగడు పోయిండు, కొడుకు బస్ డిపోల పని. మధ్యాహ్నం పూట నేను ఆమె కాడికి పోయి తఖ్త్ బల్ల మీద కూసునేదాన్ని. ఆమె కుట్టుకుంట మాట్లాడేది, నేను గుండీలు కాజాలు చూసి పెట్టేదాన్ని. ఒక కప్పు చాయ తాగుతుంటి, గంతే. నా కాళ్ళు అంత దూరమన్న నడిచేది గామె కోసమే. శ్రీనుకు అనుమానమొచ్చింది. ఇంట్ల తాళమేసినంక అమ్మకు ఉప్పు దొరికేది గక్కడనే అని లెక్కేసిండు. డెబ్బై ఏడు ఎండాకాలం, ఒకనాడు నేను ఆడ కూసున్నప్పుడే వచ్చి గడప అవుతల నిలబడ్డడు.

"ఆపా, అమ్మాకు నమక్ కా కుచ్ బీ మత్ ఖిలావ్. డాక్టర్ మనా కరే," అన్నడు. అమ్మకు ఉప్పుది ఏం పెట్టకు, డాక్టరు వద్దన్నడు అని.

ఆపా మిషన్ ఆపింది. "మై తో ఖాలీ చాయ్ పిలాతీ బేటా," అన్నది. ఉత్త చాయనే ఇస్తున్న బిడ్డా అని.

"ఆప్ బోల్ రే సో ఠీక్ హై, మగర్ రిపోర్ట్ ఖరాబ్ ఆరీ," అన్నడు వాడు. మీరు చెప్పేది సరే గని రిపోర్టు పాడొస్తున్నది అని. అంటె ఆపా గూడ అబద్ధమే అని. చదువుకున్నోడు, మర్యాదగనే అన్నడు. చెంప మీద కొడితె గూడ గట్ల తాకకపోవు.

నేను లేవబోతె ఆపా నా చెయ్యి పట్టి లేపింది. "తుమ్ ఝూట్ నై బోల్తే, మేరేకు మాలూమ్," అన్నది. నువ్వు అబద్ధమాడవు, నాకు ఎరికే అని. గా నాలుగైదేండ్లల్ల నా మాట నమ్మిన మనిషి గామె ఒక్కతే. దాని తర్వాత నన్ను ఆడికి పోనియ్యలే. ఆపా మా ఇంటికి రాలే. తన చాయ మీద అనుమానపడ్డోళ్ళింటికి ఎందుకొస్తది? నేనైనా రాకపోతుంటి.

ఆ దసరాకు వరంగల్‌కెల్లి నా ఆడబిడ్డ రుక్మిణి, మగడు, పిల్లలు వచ్చిండ్రు. అందరు బంతిల కూసున్నరు. సరోజ అప్పడాలు వడ్డిస్తుంటె మా ఆయన నవ్వుకుంట అన్నడు, "మీ వదినెకు చూపియ్యకుండ్రి. దొంగ. దొరికింది దొరికినట్టు మింగుతది." అందరు నవ్విండ్రు. రుక్మిణి అయితె నోట్ల అన్నం పెట్టుకోని మరీ నవ్వింది. నేను తల దించుకోని నా గిన్నెల కూర కలుపుకున్న. ఆ రోజు కాన్నుంచి చుట్టాలల్ల ఎవరింట్ల కూసున్నా నా ముచ్చట గదే అయింది.

డెబ్బై ఎనిమిది మొదట్ల నాకు పండుకుంటె ఊపిరాడుడు బంద్ అయింది. దిండ్లు పేర్చుకోని కూసునే ఉండాలె. వాపు మోకాళ్ళ మీదికెక్కింది. అర్రల నుంచి హాల్లకు నడిస్తె దమ్ము. సర్కారు పెద్ద దవాఖానల చేర్పించిండ్రు. పెద్ద వార్డు, పక్క పక్కన మంచాలు, ఫినాయిల్ వాసన. నా పక్క మంచం మీదామె నాలాగనే వాపులతోని వచ్చింది. పాపం, నేను చూస్తుండంగనే పోయింది. ఆమె చెల్లె నేల మీద కూసోని ఏడ్చింది.

భయమైంది. సచ్చుడు ఒక్కటే అయితె గంత భయం కాకపోవు. ఇప్పుడు సస్తె, "ఎంత చెప్పినా ఇనలే, ఉప్పు తిని సచ్చింది" అంటరు. దినాలకు వచ్చినోళ్ళు అన్నం తినుకుంట గదే చెప్పుకుంటరు. నా మనుమలు పెద్దగైనంక వాళ్ళ పెండ్లాలకు గదే చెప్తరు. దొంగ అనే పేరు మోసుకోని పోవాల్నా అని దేవుణ్ణి తిట్టిన. మొక్కలే, తిట్టిన.

దవాఖానల మొదట అక్కడి తిండే పెట్టిండ్రు. పాలు, బ్రెడ్డు, చప్పటి అన్నం. సూదులు, గోలీలు. కొన్ని దినాలల్ల వాపు దిగింది. ఊపిరి ఆడింది. పట్టుకోని కిటికి దాక నడిచిన. నాకు సంబురమైంది, శ్రీను రాంగనే చెప్పిన. వాడు కాళ్ళు నొక్కి చూసిండు.

"చూసినవా అమ్మా, ఈడ నీ దొంగతనం సాగలే," అన్నడు.

నేను బతికినందుకు గూడ నా మీదనే కేసు.

నీరసం తగ్గాలని ఇంటికెల్లి క్యారియర్ తెచ్చుకోవచ్చన్నరు. సరోజ రోజు వండి తెచ్చింది. వారం తిరగకముందే కాళ్ళు మళ్ళ ఉబ్బినయి. శ్రీను పక్క మంచాలోళ్ళ చుట్టాలను అనుమానంగ చూసుడు షురూ చేసిండు. వార్డు చూసేది ఒక డాక్టరమ్మ, చిన్న వయసు, మాట తక్కువ. ఆమె పొద్దుగాల వచ్చి నా కాలి మీద బొటనేలు నొక్కింది. సొట్ట పడ్డది. మంచం కాడ రాసి పెట్టిన కాయితం చదివింది. నన్ను ఉప్పు తింటున్నవా అని అడగలే. శ్రీను పక్కన నిలబడ్డ సరోజ దిక్కు తిరిగింది.

"ఆ డబ్బాలో ఏముందమ్మా?" అన్నది.

"పప్పు, సొరకాయ కూర డాక్టరమ్మా. అంత సైంధవం ఏసి చేసిన. ఒక్క ఉప్పు పలుకు గూడ పడనియ్యలే," అన్నది సరోజ. పాపం, మెచ్చుకుంటదని చెప్పింది.

డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. "సైంధవం అంటే?"

"ఉపాసానికి ఏస్తం గదా, గది. ఉప్పు కాదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రోగం వచ్చిన కాన్నుంచి. మజ్జిగల గూడ అదే."

డాక్టరమ్మ మంచం మీద కూసుంది. అరవలే. "అమ్మా, అది కూడా ఉప్పే. రాయి రూపంలో ఉంటుంది, అంతే తేడా. దేవుడు లెక్క పెట్టకపోవచ్చు, ఈమె రక్తం లెక్క పెడుతుంది. ఈమెకి ఇన్నేళ్ళూ మీరే ఉప్పు పెడుతున్నారు," అన్నది.

సరోజ కొంగు నోట్ల పెట్టుకుంది. నేను ముందుగాల శ్రీను మొకం చూసిన. ఏమన్న అంటడేమో అని చూసిన. అమ్మా అంటడేమో, నా చెయ్యి పట్టుకుంటడేమో అని. వాడు "మరి పండ్లు తినొచ్చా డాక్టర్?" అని అడిగిండు. నేను గోడ దిక్కు తిరిగి పండుకున్న. సంబురం, ఏడుపు, కోపం అన్ని ఒక్కసారే వచ్చినయి, కోపమే నిలబడ్డది.

సాయంత్రం మా ఆయన వచ్చిండు. సరోజ చెప్పింది. స్టూలు మీద కూసున్నడు. "మా బాపు గూడ గది ఉప్పు కాదనే చెప్పిండు," అన్నడు. మళ్ళ "నయాపూల్ డాక్టరు మొదట్లనే అడగాలె ఉండె," అన్నడు. గది నిజమే. డాక్టరుది తప్పే. గని నన్ను దొంగ అన్నది నయాపూల్ డాక్టరు ఒక్కడే కాదు గదా. ఆ మాట నోటి దాక వచ్చింది, దమ్ము లేక ఆపుకున్న.

ఇంటికొచ్చినంక చప్పటి తిండి అలవాటైంది. నిమ్మకాయ, కొత్తిమీర, మిరియాలు, గిట్ల ఏదో ఒకటి. చప్పదనం నెలకు నాలుకకు పడుతది, గింత చిన్న కష్టం కోసమే గంత పెద్ద కష్టం పడ్డం. వాపు పోయింది. బీపీ గోలీలకు లొంగింది. నెత్తురు టెస్టుల యూరియా దిగింది, గని మామూలుకు రాలే, గుర్దలకు పోయిన సత్తువ మొత్తం తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. కాళ్ళు గూడ అంతే. కట్టె పట్టుకోని ఇంట్ల తిరుగుత. పీట మీద కూసోను, కుర్చీ మీదనే. మెట్టెలు మళ్ళ పెట్టుకున్న. మిద్దె మీదికి మాత్రం మళ్ళ పోలే, ఇంక పోను.

మా ఆయన దుకాణంల బీపీ ముచ్చట చెప్పుడు బంద్ చేసిండు. గంతే చేసిండు. "ముందు కొనుక్కపోయినోళ్ళకు చెప్పరా?" అని అడిగిన. "వాళ్ళ ఇండ్లు నాకేం ఎరిక? అయినా ఏమని చెప్పాలె, మా ఇజ్జత్ పోదా?" అన్నడు. వాళ్ళల్ల ఎంతమంది కాళ్ళు ఉబ్బినయో, ఎంతమందిని ఇంట్లోళ్ళు దొంగలంటున్నరో. సైంధవం ఉప్పే. మా దుకాణంల కొన్నా ఇంకేడ కొన్నా ఉప్పే. ఉపాసానికి తినుండ్రి, బీపీకి తినకుండ్రి.

శ్రీనును ఆపా కాడికి పొమ్మన్న. "నువ్వు పోయి అన్నవు, నువ్వే పోయి తప్పైందను," అన్న. "చిన్న ముచ్చట అమ్మా, ఆమె ఎప్పుడో మర్చిపోయి ఉంటది," అన్నడు. వాడు పోలే. నేనే పోయిన, కట్టె పట్టుకోని, మూడిండ్ల దూరానికి మధ్యల రెండు అరుగుల మీద కూసోని. ఆపాకు అంత చెప్పిన. ఆమె ఇని, "మై తో పైలేచ్ బోలీ థీ," అన్నది, నేను ముందుగాలనే చెప్పిన గదా అని, చాయ పెట్టింది. నేను అప్పుడప్పుడు పోతున్న. ఆమె మాత్రం మా గడప తొక్కలే. రమ్మని పిలిచే మొకం నాకు లేదు.

మొన్న కార్తీకంల ఇంట్ల వ్రతం చేసినం. మళ్ళ అందరు వచ్చిండ్రు, రుక్మిణి గూడ. బంతిల కూసున్నంక రుక్మిణి నన్ను చూసి, "వదినె మొకం తేటగైంది. నడుస్తున్నది గూడ," అన్నది.

మా ఆయన చారు పోసుకుంట, "ఇప్పుడు మాట ఇంటుంది గదా. ఉప్పు మానేసింది, నెత్తురు బాగైంది," అన్నడు.

శ్రీను తల ఊపిండు. "రిపోర్టులు మంచిగ వస్తున్నయి అత్తా. ముందే మానేస్తె గింత దూరం రాకపోతుండె."

వాళ్ళు అబద్ధం చెప్తలేరు. నిజంగనే గట్ల నమ్మిండ్రు. డాక్టరమ్మ చెప్పింది ఇన్నరు, ఇంటికొచ్చిండ్రు, ఏడాదిల ఆ సంగతి కరిగిపోయి, మొండి ముసలిది దారికొచ్చింది అనేదే మిగిలింది. నేను సచ్చినంక గూడ గదే ఉంటది. కుర్చీల కూసునే మాట్లాడిన, లేసి నిలబడే బలం లేదు.

"నేను ఉప్పు మానింది డెబ్బై మూడుల. నాకు పెట్టుడు మీరు మానింది పోయినేడు," అన్న.

రుక్మిణికి అర్థం కాలే. సరోజను అడిగింది. సరోజ చేతిల గరిటె పట్టుకోని మామను చూసింది, మొగుణ్ణి చూసింది, తర్వాత మొత్తం చెప్పింది. సైంధవం, మజ్జిగ, తాళం, ఆపా, డాక్టరమ్మ, ఒక్కటి దాయలే. శ్రీను విస్తరిల చూసుకుంట కూసున్నడు. ఎవ్వరు నవ్వలే.

మా ఆయన చెయ్యి కడుక్కోని నా కాడికి వచ్చిండు. గొంతు తగ్గించి, "అందరి ముందట చెప్పాల్నా?" అన్నడు.

"దొంగ అన్నప్పుడు గూడ అందరు ఉండిరి," అన్న.